పాఠకుల ప్రశ్నలు: చెన్నైలోని ట్రిప్లికేన్ చూడబోయే ముందు

ప్రశ్న: మేము పెరంబూరులో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నాం. సంక్రాంతి సెలవులకు నెల్లూరు నుంచి మా ఆడపడుచు, ఆమె భర్త, ఇద్దరు పిల్లలు వస్తున్నారు. మెరీనా, మాల్స్ ఇదివరకే చూశారు. ఈసారి ట్రిప్లికేన్‌లో పాత బజార్లు, పెద్ద మసీదు చూపించాలనుకుంటున్నాం. ఏ రోజు, ఏ వేళకు వెళ్తే బాగుంటుంది? ఆడవాళ్ళం మసీదు ఆవరణలోకి వెళ్ళవచ్చా?
— ఒక గృహిణి, పెరంబూరు

జవాబు: శుక్రవారం మాత్రం వద్దు. కొన్నేళ్ళ క్రితం నేను తెలియక శుక్రవారం ఒంటిగంట వేళకు ఆ వీధిలో ఆటో దిగాను. జుమ్మా నమాజుకు వచ్చినవారితో రోడ్డంతా నిండిపోవడంతో ఒక బట్టల కొట్టు అరుగు మీద గంటసేపు నిలబడి, మసీదు గోడ కూడా సరిగా చూడకుండానే వెనక్కి రావలసి వచ్చింది. మరే రోజైనా పొద్దున్నే బయలుదేరండి. ఆదివారమైతే పైక్రాఫ్ట్స్ రోడ్డు పేవ్‌మెంటు మీద పరిచే పాత పుస్తకాల మీద మీ పిల్లలకు ఆసక్తి కలగవచ్చు. ఆ రోడ్డును ఇప్పుడు భారతి సాలై అంటారు, కానీ ఆటోవాళ్ళకు పాత పేరు చెప్పినా తెలుస్తుంది.

ముందు బజారు, తర్వాత గుడి, ఆ తర్వాత మసీదు చూసేలా వరస పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఏడు గంటలకల్లా జాంబజార్ చేరితే కూరగాయల గంపలు దించుతూ ఉంటారు, చేపల వరసలో నేల ఇంకా తడిగా ఉంటుంది. పండుగ ముందు రోజుల్లో వెళ్తున్నారు కనుక ఆకులతో సహా కట్టలు కట్టిన పసుపు మొక్కలు, చెరుకు గడలు దారి పొడుగునా కనిపిస్తాయి. తమిళులు పొంగలి కుండ మెడకు ఆ పసుపు మొక్కను చుడతారు. చేపలు కొనే ఉద్దేశం ఉంటే మొప్ప ఎత్తి చూపించమని అడగండి, ఎర్రగా లేకపోతే బేరమే ఆడవద్దు. కొనకుండా కేవలం ఫోన్‌తో ఫొటోలు తీసుకుంటూ దారికి అడ్డంగా నిలబడేవారంటే అక్కడివారికి విసుగు, అది న్యాయమైన విసుగే.

అక్కడి నుంచి పార్థసారథి స్వామి గుడికి నడిచి వెళ్ళవచ్చు. పల్లవ రాజు దంతివర్మ కాలపు శాసనం ఉన్న గుడి అది. గర్భగుడిలోని వేంకటకృష్ణుడికి మీసాలుంటాయి. ఉత్సవమూర్తి ముఖం మీది మచ్చలు భీష్ముడి బాణాల దెబ్బలని చెబుతారు. పిల్లలకు ముందుగా ఆ కథ చెప్పి తీసుకువెళ్తే వాళ్ళే వెతికి చూస్తారు. అవి ధనుర్మాసం చివరి రోజులు కాబట్టి తెల్లవారుజామున తొక్కిసలాటగా ఉంటుంది, ఎండెక్కాక కొంత తెరిపి. దర్శనం అయ్యాక 1948 నుంచి నడుస్తున్న రత్నా కేఫ్‌లో ఇడ్లీ తినండి. ఇడ్లీ మునిగేదాకా సాంబారు పోస్తారు, అది చాలక మళ్ళీ అడిగినా పోస్తారు.

ఇక మీరడిగిన పెద్ద మసీదు, అంటే వాలాజా మసీదు. పొద్దుటి నమాజు ఎప్పుడో తెల్లవారుజామున ముగిసి, మధ్యాహ్నపు నమాజుకు ఇంకా చాలా సమయం ఉండే తొమ్మిదిన్నర, పదకొండు గంటల మధ్య ఆ విశాలమైన ఆవరణ దాదాపు ఖాళీగా, నిశ్శబ్దంగా ఉంటుంది. ఆడవాళ్ళ ప్రవేశం గురించి మీరు అడిగిన దానికి నా సలహా ఇది: తలమీద కొంగో, చున్నీయో కప్పుకొని, గేటు దగ్గర ఉన్న పెద్దలను ముందుగా అడగండి, వారు ఎంతవరకు రమ్మంటే అంతవరకే వెళ్ళండి. నమాజు చేసే హాలులోకి అనుమతి లేదంటే వాదించవద్దు, ఆ కట్టడాన్ని చూడడానికి ఆవరణే సరైన చోటు. మగవాళ్ళు నిక్కర్లతో రాకూడదు. చెప్పులు ఎక్కడ విడవాలో, ఫొటో తీయవచ్చో లేదో కూడా వారినే అడగండి. మీ ఆడపడుచు భర్తగారికి నెల్లూరు ఉర్దూ నాలుగు ముక్కలు వచ్చి ఉంటే ఆ అడిగేదేదో ఆయననే అడగనివ్వండి.

మీ చుట్టాలు సెంట్రల్ స్టేషన్ దగ్గరే ఉన్నట్లయితే మెట్రోలో తర్వాతి స్టేషన్ గవర్నమెంట్ ఎస్టేట్ దగ్గర దిగి వాలాజా రోడ్డు పట్టుకొని నడవవచ్చు. ఆ ఇరుకు వీధుల్లోకి కారు తీసుకువెళ్ళాలనే ఆలోచన మాత్రం మానుకోండి.

ప్రశ్న: వాలాజా మసీదు కట్టడంలో కర్ర గానీ ఇనుము గానీ వాడలేదంటారు, నిజమేనా? ఆ నవాబులకూ తెలుగు ప్రాంతాలకూ ఏమైనా సంబంధం ఉందా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అంబత్తూరు

జవాబు: నిజమే. 1795లో ఆర్కాటు నవాబు మహమ్మద్ అలీ వాలాజా కుటుంబం కట్టించిన ఈ మసీదు బూడిదరంగు రాతి కట్టడం, కర్ర, ఇనుము లేకుండా కట్టినదిగానే దానికి పేరు.

మీ రెండో ప్రశ్నకు జవాబు పొడుగైనది. అసలు ట్రిప్లికేన్ గ్రామమే 1676లో గోల్కొండ సుల్తాను ఏలుబడి నుంచి ఈస్టిండియా కుంపిణీ చేతికి వచ్చింది. ఇక ఆర్కాటు నవాబుల కర్ణాటకంలో (ఇప్పటి కర్ణాటక రాష్ట్రం కాదు) నెల్లూరు కూడా భాగం. మహమ్మద్ అలీ సోదరుడు నజీబుల్లా నెల్లూరులో అధికారిగా ఉంటూ 1757లో తిరగబడ్డాడు. అతన్ని అణచడానికి నెల్లూరు కోటను ముట్టడించిన కుంపిణీ సేనాని ఫోర్డ్ ఆ పని చేయలేక వెనుదిరిగాడు. మరుసటి ఏడాది ఇప్పటి కాకినాడ జిల్లాలోని చందుర్తి దగ్గర ఫ్రెంచివారిని ఓడించిన ఫోర్డ్ ఇతనే. నవాబు కుంపిణీ ఉద్యోగుల దగ్గర చేసిన అప్పులు వడ్డీల మీద వడ్డీలై పెరిగి, చివరకు 1801లో కర్ణాటక పాలన అంతా, నెల్లూరుతో సహా, కుంపిణీ వశమైంది. పేరుకు మాత్రం నవాబులు 1855 దాకా మిగిలారు.

అయితే తెలుగువారు ఆ మసీదుకు వెళ్ళినప్పుడు తెలుసుకోవలసిన విషయం నా దృష్టిలో వేరే ఉంది. మసీదు కట్టిన సంవత్సరాన్ని తెలిపే పారశీక రచన అక్కడి రాతి మీద ఉంది. దాన్ని రచించినవాడు నవాబు కొలువులోని హిందూ పండితుడు రాజా మఖన్‌లాల్ ఖిరత్. అందులోని 'జిక్రుల్లాహి అక్బర్' అన్న మాటలకు 'దైవస్మరణ అన్నిటికన్నా గొప్పది' అని అర్థం. అరబ్బీ లిపిలో ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉంటుంది. 'జిక్ర్' అన్న మాటలోని మూడు అక్షరాలకు 700, 20, 200 కలిపితే 920. 'అల్లాహ్'కు 66. 'అక్బర్'కు 223. మూడూ కూడితే 1209. హిజ్రీ 1209వ సంవత్సరం అంటే మన లెక్కలో 1794 జూలై చివర మొదలై 1795 జూలైలో ముగిసిన ఏడాది.

ఈ పద్ధతి మీకు వింతగా అనిపించదనుకుంటాను. సంగీతం నేర్చుకున్న మన ఇళ్ళలో అక్షరాలకు అంకెలిచ్చే కటపయాది సూత్రంతో ధీరశంకరాభరణ రాగాన్ని 29వ మేళకర్తగా (మూలరాగంగా) లెక్క కట్టేవారు: 'ధీ'కి తొమ్మిది, 'ర'కు రెండు, తిరగేసి చదివితే ఇరవై తొమ్మిది. అంకెను మాటలో దాచే విద్యను మఖన్‌లాల్ పారశీకంలో చూపాడు. మసీదు పెద్దలను అడిగి వీలైతే ఆ రాతను చూడండి, వీలు కాకపోతే ఈ లెక్క చాలు. ముస్లిం లీగు నాయకుడు కాయిదె మిల్లత్ మహమ్మద్ ఇస్మాయిల్ సమాధి కూడా ఈ మసీదు ఆవరణలోనే ఉంది. ట్రిప్లికేన్ హైరోడ్డుకు ఇప్పుడు ఆయన పేరే పెట్టారు.

ప్రశ్న: రంజాన్ నెలలో సాయంత్రం ఆ మసీదుకు వెళ్ళి ఇఫ్తార్ చూడాలని ఉంది. పైమతస్థులం వెళ్తే వారికి ఇబ్బందిగా ఉంటుందా?
— ఒక విద్యార్థిని, వేళచ్చేరి

జవాబు: అక్కడ వడ్డించేవారిలో చాలామంది పైమతస్థులేనని తెలిస్తే మీ సంకోచం కొంత తగ్గవచ్చు. దేశవిభజన వేళ సింధు నుంచి శరణార్థిగా వచ్చి మద్రాసులో స్థిరపడిన దాదా రతన్‌చంద్ మైలాపూరులో సూఫీదార్ మందిరాన్ని స్థాపించారు. ఆ సింధీ హిందువులు దశాబ్దాలుగా రంజాన్ నెలలో తమ మందిరంలో వంట చేసి, పాత్రలు బండిలో వాలాజా మసీదుకు తెచ్చి, వందల మంది ఉపవాసులకు తామే వడ్డిస్తారు. వడ్డించేటప్పుడు వారు కూడా తల కప్పుకుంటారు.

మీరు వెళ్తే సూర్యాస్తమయానికి అరగంట ముందే చేరి ఒక పక్కన ఉండండి. అజాన్ వినబడేదాకా కంచాలు, గ్లాసులు ముందు పెట్టుకొని అంతమంది మౌనంగా కూర్చునే ఆ పది నిమిషాలే అసలు చూడవలసినవి. అప్పుడు ఎవరి ముఖం మీదికీ కెమెరా ఎత్తవద్దు. గంజి ఇస్తే కాదనకండి. ఇక్కడ దాన్ని నోంబు కంజి అంటారు. బియ్యం, పప్పు, మెంతులు, వెల్లుల్లి వేసి చిక్కగా కాస్తారు, కొన్నిచోట్ల మాంసం కూడా కలుపుతారు. మీరు శాకాహారులైతే ముందే అడగండి. తమిళనాడు ప్రభుత్వం ఈ గంజి కోసం మసీదులకు బియ్యం ఇస్తుంది. నమాజు మొదలయ్యాక పక్కకు తప్పుకోండి, అది అయ్యాక వీధిలో సమోసాలు, పండ్లు అమ్మే బళ్ళ దగ్గర సందడి మొదలవుతుంది.

ప్రశ్న: మసీదు దగ్గరి కొట్లలో అత్తరు కొందామనుకుంటున్నాను. మోసపోకుండా ఎలా కొనాలి? అలాగే చెపాక్ ప్యాలెస్ లోపల చూడవచ్చా?
— ఒక పాఠకుడు, తాంబరం

జవాబు: ప్యాలెస్ గురించి ముందు చెబుతాను, ఎందుకంటే చెప్పేది తక్కువ. 1768లో కట్టిన ఆ భవనాన్ని నవాబు వారసత్వం ముగిశాక 1859లో వేలం వేస్తే ప్రభుత్వమే కొన్నది. అప్పటినుంచి అది కార్యాలయాల చోటు. అందులో ఒక భాగమైన, 2012లో అగ్నిప్రమాదానికి గురైన ఖల్సా మహల్‌ను తర్వాత బాగుచేశారు. వాలాజా రోడ్డు వైపు నుంచి గుమ్మటాలు చూసి తృప్తిపడండి.

అత్తరుకు వస్తే, పాత పద్ధతిలో పూలను రాగి పాత్రలో నీటితో మరిగించి, వచ్చిన ఆవిరిని చందన తైలంలోకి పట్టేవారు. చందనం ధర పెరగడంతో ఇప్పుడు చాలా సీసాల్లో ఉండేది వేరే నూనె, దానికి కలిపిన కృత్రిమ వాసన. దాన్ని అలా చెప్పి తక్కువకు అమ్మితే తప్పు లేదు, నాలుగు వందల రూపాయలకు అసలు గులాబీ అత్తరు ఇస్తానంటే మాత్రం నమ్మవద్దు. కొట్టువారు గాజు పుల్లతో మణికట్టు మీద గీసిన వెంటనే వచ్చే వాసన చూసి నిర్ణయం చేయకండి. మూడు నాలుగు రకాలు వరసగా రాయించుకుంటే ముక్కు మొద్దుబారుతుంది కనుక చేతికొకటి చొప్పున రెండే రాయించుకొని, దేన్ని ఏ చేతికి రాశారో గుర్తుపెట్టుకొని, బజారులో ఒక చుట్టు తిరిగి రండి. టీ తాగి వచ్చేసరికి పై వాసన పోయి అసలుది తేలుతుంది. అప్పటికీ నచ్చిన దాన్ని తులం సీసా కాకుండా అందులో పావు వంతు కొనండి. బట్ట మీద రాస్తే మరక పడుతుంది, చెవి వెనుక రాసుకోండి.