పాత టోపో షీటు చదవబోతున్న మేనల్లుడికి

హనుమకొండ

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

కాళేశ్వరం, ఆవలి ఒడ్డున సిరోంచ ఉన్న 56 ఎన్/13 నంబరు పాత టోపో షీటు, అంటే ఊళ్లు, వాగులు, గుట్టల ఎత్తులు చూపే సర్వే పటం, నీకు దొరికిందని తెలిసి ఎంతో సంతోషించాను. అంగుళానికి మైలు చొప్పున గీసిన ఆ షీటులో, నేటి తెలంగాణ–మహారాష్ట్ర సరిహద్దు నిజాం రాజ్యానికీ బ్రిటిష్ వారి సెంట్రల్ ప్రావిన్సులకూ మధ్య ఎల్లగా కనిపిస్తుంది.

ఊళ్ల పేర్ల జోలికి పోకముందు అంచులు చదువు. సర్వే జరిగిన సంవత్సరం వేరు, అచ్చయిన సంవత్సరం వేరు. కొత్తలో నేను ఈ తేడా గమనించక, షీటులో లేని ఒక గూడెం గురించి అక్కడి పెద్దమనిషితో వాదించాను. సర్వే ముగిసిన తరువాతే ఆ గూడెం వెలిసిందని ఆయన ఓపికగా చెప్పినప్పుడు చాలా సిగ్గుపడ్డాను.

తరువాత భూతద్దం పట్టుకొని నీళ్లను చూడు. ఏడాది పొడవునా నీరుండే వాగు నీలి గీతగా, ఎండాకాలం ఎండిపోయే వాగు నల్ల గీతగా ఉంటుంది. చెరువుకట్ట పక్కన 10ఆర్ అని కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకు. చుట్టుపక్కల నేలకంటే కట్ట పది అడుగుల ఎత్తని దాని అర్థం. ప్రాణహిత గోదావరిలో కలిసే చోట ఇసుకను చుక్కలతో చూపిన తీరును మాత్రం తీరిగ్గా చూడు, ఎందుకంటే 2019లో దిగువన మేడిగడ్డ బ్యారేజీ వచ్చాక నది రూపు మారింది గనుక, నేటి ఒడ్డును చూసి నాటి గీతను తప్పుపట్టడం న్యాయం కాదు.

ఫోనులోని జీపీఎస్ అంకెలను ఆ షీటు గళ్లలో నేరుగా పెట్టవద్దు. నాటి కొలతకు ఆధారమైన ఎవరెస్ట్ గోళం, అంటే భూమి ఆకారానికి అప్పటి సర్వే వాళ్లు వాడిన లెక్క, నేటి జీపీఎస్ లెక్కకంటే వేరు కాబట్టి నూరు మీటర్లకు మించి తేడా వస్తుంది. కదలని గుర్తులను, అంటే పాత గుడిని, గుట్ట కొనను ఆసరా చేసుకో. పొలం గట్టు తగాదాకు ఎవరైనా ఈ షీటు అడిగితే ఇవ్వకు. దానికి గ్రామ నక్షా (ఊరి పొలాల పటం), సేత్వార్ (సర్వే నంబర్ల వారీ భూముల పాత రికార్డు), 1954–55 నాటి ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిదో, ఎవరి సాగులో ఉందో రాసిన రికార్డు) ఉన్నాయి.

కాగితానికి సెల్లో టేపు అంటించవద్దు, లామినేషన్ అసలే వద్దు. నీడలో పరచి స్కాన్ చేయించి, ఆ నకలు మీదే పెన్సిలుతో రాసుకో. ఊళ్లోకి వెళ్లినప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోని పేర్లను పైకి చదివి పశువులు కాసిన ముసలివాళ్లకు వినిపించు. వాళ్లు పలికినట్టే తెలుగులో పక్కన రాసుకొని, దసరాకు వచ్చేటప్పుడు ఆ నకలు నాకు తెచ్చి చూపించు.

ఇట్లు,
మీ మామయ్య