జీన్ ఎడిటింగ్ చికిత్స చేయించుకుంటే ఆ మార్పు పుట్టబోయే పిల్లలకూ వస్తుందా?

రాదు, ఇప్పుడు ఆమోదం పొంది వాడుకలో ఉన్న జీన్ ఎడిటింగ్ చికిత్స మార్చేది రోగి రక్తకణాలను తయారుచేసే మూలకణాలను మాత్రమే. పిల్లలకు జన్యువులు అందేది అండం, వీర్యకణాల ద్వారా. వాటి జోలికి ఈ చికిత్స పోదు.

ఎర్రరక్తకణాలు వంకరపోయే సికిల్ సెల్ వ్యాధికి ఇచ్చే క్యాస్‌జెవీనే చూడండి. 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా దీన్ని అనుమతించాయి. రోగి రక్తం నుంచి మూలకణాలను వేరుచేసి ల్యాబుకు పంపుతారు. గర్భంలో ఉన్నప్పుడు మనలో తయారయ్యే ఒక రకం హిమోగ్లోబిన్‌ను, పుట్టాక అణచిపెట్టే జన్యువు ఒకటుంది. పేరు బీసీఎల్11ఏ. క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో సరైన చోట కత్తిరించి, రక్తకణాల్లో దాని జోరు తగ్గిస్తారు. పాత హిమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది, ఎర్రకణాలు కొడవలిలా వంగిపోవడం తగ్గుతుంది. ఈలోగా కీమోతో (ఇదే అసలు కష్టమైన ఘట్టం, సంతాన సామర్థ్యాన్నీ దెబ్బతీయొచ్చు) ఎముక మజ్జను ఖాళీ చేసి, మార్చిన కణాలను సెలైన్ ఎక్కించినట్టు నరంలోకి ఎక్కిస్తారు. కత్తిరింపు జరిగింది ఒంటి బయట, కాబట్టి అండం, వీర్యకణాల్లో ఏ మార్పూ ఉండదు.

చాలామంది పొరబడేది ఇక్కడే: “జబ్బు తగ్గింది కదా, పిల్లలకు ఇక రాదు” అనుకుంటారు. సికిల్ జన్యువు ఒళ్లంతా అలాగే ఉంటుంది, పిల్లలకు చేరుతుంది కూడా. భాగస్వామిలోనూ ఆ జన్యువుంటే బిడ్డకు జబ్బు రావొచ్చు, కాబట్టి వారికీ రక్తపరీక్ష అవసరమే. 2018లో చైనాలో పిండాల జన్యువులనే మార్చిన వ్యవహారం వేరు. అది చికిత్స కాదు, ఆ శాస్త్రవేత్తకు జైలుశిక్ష పడింది.