శనివారం తలస్నానం గురించి రాసేటప్పుడు

చి. సౌమ్యకు, ఆశీస్సులు.

నీ వ్యాసం చిత్తుప్రతి చదివాను. నల్లజాతి పాపను దత్తత తీసుకుని టెక్సస్‌లో ఉంటున్న తెలుగు తల్లిదండ్రులకు, ఆ పాప మాడూ జుట్టూ పొడిబారకుండా ఎలా చూసుకోవాలో చెప్పాలన్న ఆలోచన బాగుంది. కానీ మొదటి రెండు పేజీలూ ప్రేమ, సహనం, విశ్వమానవత. వాటిని కొట్టెయ్. పిల్లను ఇంటికి తెచ్చుకున్నవాళ్ళకు ప్రేమ గురించి మనం చెప్పేదేముంది? శనివారం పొద్దున దువ్వెన ఏ చివర నుంచి మొదలుపెట్టాలో చెప్పు, చాలు.

కారణంతో మొదలుపెట్టు, ఒక్క పేరా దాటనివ్వకు. మాడు మీద ఊరే జిడ్డు తిన్నటి వెంట్రుక వెంబడి చివరిదాకా పాకుతుంది. స్ప్రింగులా చుట్టలు తిరిగిన వెంట్రుక మీద అది అంత దూరం పోలేదు. పైగా యుక్తవయసు రాని పిల్లలకు ఆ జిడ్డు ఊరేదే తక్కువ. చుట్ట తిరిగిన ప్రతి మలుపూ వెంట్రుకకు బలహీనమైన చోటు. ఎండిన జుట్టును దువ్వెనతో లాగితే అక్కడే తెగుతుంది. 'దీని జుట్టు పెరగడం లేదు' అని తల్లులు బాధపడేది చాలాసార్లు ఇందుకే. కుదురు దగ్గర పెరుగుతూనే ఉంటుంది, కొస దగ్గర తెగుతూ ఉంటుంది. ఆరాక జుట్టు ముడుచుకుని సగం పొడవో, ఇంకా తక్కువో కనిపిస్తుందని కూడా ఇక్కడే రాయి.

ఆ తర్వాత నూనె. మనవాళ్ళకు జుట్టు ఎండిందనగానే చెయ్యి నూనె సీసా మీదికి పోతుంది. నువ్వూ 'రోజూ మాడుకు కొబ్బరినూనె మర్దనా' అని రాసేశావు. నూనెలో నీరు లేదు. తడిసిన వెంట్రుకలోని తడిని అది ఆరిపోకుండా ఆపుతుంది, అంతే. పొడి జుట్టుకు నూనె రాస్తే పైకి నిగనిగ, లోపల అదే పొడి, రెండు రోజుల్లో దుమ్ము పట్టి జిడ్డుముద్ద. నీళ్ళు ముందు, నూనె తర్వాత. వ్యాసమంతటిలో పాఠకురాలికి ఒక్క వాక్యమే గుర్తుండాలనుకుంటే అది ఇదే కావాలి. కొబ్బరినూనెకు నిజమైన గుణం ఒకటుంది: వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు ప్రొటీన్ పోకుండా కాపాడుతుంది. కాబట్టి తలస్నానానికి అరగంట ముందు రెండు టీస్పూన్లు పాయల మీద రాయమను. కొందరి జుట్టు దానితో బిరుసెక్కుతుంది, అప్పుడు మానెయ్యమను. శీకాయ, సున్నిపిండి మాత్రం వద్దని స్పష్టంగా చెప్పు. ఆ పొడి చుట్టల మధ్య ఇరుక్కుంటే కడిగినా వదలదు, చూసేవాళ్ళకు చుండ్రులా ఉంటుంది.

తలస్నానం భాగం నీ వ్యాసానికి గుండెకాయ, దానికి నువ్విచ్చింది నాలుగు వాక్యాలు. పెంచు. ఎన్నాళ్ళకోసారి? వారం, పదిరోజులకోసారి, అక్కడి చర్మవైద్యుల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ కూడా వారానికో, రెండు వారాలకో ఒకసారి చాలంటుంది. రోజూ తలంటితే ఉన్న కాస్త జిడ్డూ పోతుంది. జుట్టును ముందు నాలుగు పాయలు చేసి క్లిప్పులు పెట్టాలి, ఒత్తుగా ఉంటే ఆరు. గోరువెచ్చని నీళ్ళతో పూర్తిగా తడపాలి. సల్ఫేట్ లేని షాంపూ ఒక టేబుల్‌స్పూను, నీళ్ళు మూడు, సన్నమూతి సీసాలో కలిపి పాపిళ్ళ వెంట మాడు మీదే పొయ్యాలి. వేళ్ళ కొసలతో రుద్దాలి, గోళ్ళు తగలకూడదు. జుట్టంతా నెత్తి మీదికి చేర్చి గుండ్రంగా రుద్దడం మనకు అలవాటు. ఈ జుట్టును అలా చేస్తే గంటసేపు విడదీయాల్సిన ఉండ తయారవుతుంది. ఆ మాట తప్పకుండా రాయి.

తర్వాత కండిషనర్. అమ్మలు సీసా మీద చూసి రూపాయి బిళ్ళంత వేస్తారు. నాలుగేళ్ళ పాప ఒత్తు జుట్టుకు పావు కప్పు దాకా పడుతుంది. పాయ తడిమితే జారాలి, అదే కొలత. చిక్కు తీసేది ఆ కండిషనర్ ఉండగానే. బొటనవేలంత పాయ తీసుకుని, ముందు వేళ్ళతో, తర్వాత వెడల్పు పళ్ళ దువ్వెనతో, చివరి అంగుళం నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. చిక్కుకు పైన పాయను రెండో చేత్తో గట్టిగా పట్టుకుంటే లాగుడు మాడుకు తెలియదు, పిల్ల ఏడవదు. తీసిన పాయను వెంటనే మెలితిప్పి క్లిప్పు పెట్టకపోతే పక్కదానితో మళ్ళీ చిక్కుపడుతుంది. కడిగాక టవల్‌తో రుద్దకుండా పాత నూలు బనియనుతో అద్దాలి. నీరు కారడం ఆగి తడి మిగిలి ఉండగానే, కడగనక్కర్లేని కండిషనర్ పాయపాయకూ, దాని మీద నాలుగైదు చుక్కల నూనె. ఆముదమైతే రెండే చుక్కలు, అది మందం. మధ్య రోజుల్లో స్ప్రే సీసాలో మూడొంతుల నీళ్ళు, ఒక వంతు అదే కండిషనర్. తడపకుండా దువ్వడం ఏ రోజూ లేదు.

ఇప్పుడు అసలు ప్రమాదం. మాడు మీద పొట్టు రాలితే అదంతా పొడిదనమే అన్నట్టు రాశావు. మూడు నుంచి పదేళ్ళ పిల్లల్లో చుండ్రు అరుదు. ఆ వయసులో పొట్టుతోపాటు అక్కడక్కడ జుట్టు విరిగి నల్లచుక్కల్లా కనిపించినా, మెడ వెనక బిళ్ళలు తగిలినా, తామరేమోనని అనుమానించాలి. అమెరికాలో తలకు వచ్చే తామర నల్లజాతి పిల్లల్లోనే ఎక్కువ కనిపిస్తుంది. మనవాళ్ళు దాన్ని పేనుకొరుకుడు అనుకుని ఏదో పసరు పూస్తారు. పైపూత మందు వెంట్రుక కుదురులోకి దిగదు కాబట్టి నోటి మందే వాడాలి; గ్రైసియోఫుల్విన్ అయితే సాధారణంగా 6 నుంచి 8 వారాలు, కొవ్వున్న తిండితో. మోతాదు నువ్వు రాయకు, అది పిల్లల డాక్టరు పని. దువ్వెన, టోపీ, దిండుగలీబు వేరుగా ఉంచమని, ఇంట్లో మిగతా పిల్లల తలలూ చూడమని రాయి. ఉబ్బి చీము కారుతుంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి.

జడల గురించి ఎక్కువ అక్కర్లేదు. మాడుకు అంటిపెట్టి వేసే కార్న్‌రోస్ చిన్నపిల్లకు రెండు వారాలకు మించి ఉంచకపోవడం మంచిది. జడ వేసిన రాత్రి పిల్ల నొప్పంటే, నుదుటి అంచున పొక్కులు లేస్తే, ఎంత డబ్బు పోసి వేయించినా విప్పెయ్యాలి. ఆ బిగువు నెలల తరబడి సాగితే అక్కడ జుట్టు శాశ్వతంగా పోవచ్చు. రాత్రి సాటిన్ గలీబు, ఎందుకంటే నూలు గుడ్డ తడిని పీల్చుకుంటుంది, జుట్టును రాపిడి పెడుతుంది. ఈతకు ముందు మంచినీళ్ళతో తడిపి కండిషనర్ రాస్తే క్లోరిన్ నీరు తక్కువ పీల్చుకుంటుంది.

ఇండియా నుంచి వచ్చే అమ్మమ్మ కోసం ఒక పేరా ఉంచు. 'గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుంది' అంటుంది ఆవిడ. గుండుతో కుదుళ్ళు మారవు, చుట్టలూ మారవు. పైగా ఫాస్టర్ దశలో, అంటే దత్తత ఇంకా ఖరారు కాకుండా తాత్కాలిక సంరక్షణలో ఉన్న బిడ్డ జుట్టు కత్తిరించే ముందు, బిడ్డను అప్పగించిన ఏజెన్సీని అడగాలి. పిల్ల వినేలా ఈ జుట్టుతో వేగలేకపోతున్నామని అనొద్దని కూడా రాయి, అది ఒక్క వాక్యంలో సరిపోతుంది. బడిలో జడల మీద అభ్యంతరం వస్తే, జుట్టు తీరునూ జడలనూ బట్టి వివక్ష చూపకూడదనే క్రౌన్ చట్టం టెక్సస్‌లో 2023 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉందని గుర్తుచెయ్యి. కాలిఫోర్నియా 2019లోనే తెచ్చింది.

అచ్చుకిచ్చే ముందు ఈ వ్యాసాన్ని మీ ఊళ్ళో జడలు వేసే నల్లజాతి మహిళ ఎవరికైనా ఇంగ్లీషులో చదివి వినిపించు. ఆమె సమయానికి డబ్బివ్వు, ఉచితంగా అడగకు. ఎక్కడ నవ్వుతుందో అక్కడ గీత గీసుకో. ఆ చోట్లు సరిచేశాక నాకు పంపు, భాష నేను చూస్తాను.