సీసాలో పొన్నగంటి: మేనకోడలికి ఒక ఉత్తరం

పరకాల

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు పొన్నగంటి కూరను టిష్యూ కల్చర్‌లో, అంటే చిన్న కాడ ముక్క నుంచి సీసాలో మొక్కలుగా, పెంచుతానని రాశావు. పైకి చదువుతుంటే మీ అమ్మమ్మ విని, "బోరింగు పక్కన ఒక తుంట గుచ్చితే నెల తిరిగేసరికి అల్లుకునే కూరకు ప్రయోగశాల ఎందుకురా" అంది. నవ్వి వదిలేయకు. రేపు వైవాలో పరీక్షకుడు అడిగేదీ ఇదే.

నన్నడిగితే, రైతుకు లాభమని మాత్రం రాయకు. అరటి పిలకతో పాటు తెగుళ్లు కూడా తోటకు వస్తాయి, పైగా ఒక్కో చెట్టు ఒక గెల ఇస్తుంది, కాబట్టి అక్కడ ల్యాబ్ మొక్కకు పెట్టిన డబ్బు తిరిగి వస్తుంది. కట్టల లెక్కన అమ్మే కూరకు ఆ లెక్క కుదరదు. ఒకే మంచి మొక్క నుంచి అచ్చం అలాంటివే వందల పిల్లలు తీయడం, చెయ్యి తిరగడం, ఈ రెండే నీ ప్రయోజనాలు. అవే రాయి.

నువ్వు మీడియం గురించే, అంటే సీసాలో ముక్కకు పెట్టే మేత గురించే, ఎక్కువ అడిగావు. నిజానికి అందులో భయపడాల్సింది తక్కువ. మురషిగె, స్కూగ్ అనే శాస్త్రవేత్తలు 1962లో పొగాకు కణజాలం కోసం కూర్చిన మీడియమే నీకూ సరిపోతుంది. లీటరుకు 30 గ్రాముల చక్కెర, గడ్డకట్టడానికి 8 గ్రాముల అగార్, పీహెచ్ 5.8, ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర 15 నుంచి 20 నిమిషాలు. పీహెచ్ బాగా తగ్గితే అగార్ గడ్డకట్టక గంజిలా జారుతుంది, అంతే. చిగుళ్లు తెప్పించే హార్మోను బీఏపీ లీటరుకు 0.5, 1, 2 మిల్లీగ్రాములు వేసి చూడు. హార్మోను అసలు వేయని సీసాలు కూడా తప్పకుండా పెట్టు. సులువుగా వేరు పోసే కూర కదా, చివరికి అవే గెలిచినా ఆశ్చర్యపోకు. బీఏపీ ఎక్కువైతే ఆకులు అద్దంలా మెరుస్తూ, నీరుబట్టి, పట్టుకుంటే విరిగిపోతాయి. అవి చూసి ఏపుగా పెరిగిందని మురిసిపోయిన వాళ్లను చాలామందిని చూశాను.

అసలు చిక్కు తల్లి మొక్కతో. పొన్నగంటి తడిలో పెరుగుతుంది. కాలువ గట్టు మీద పెరిగిన కాడ లోపలే బ్యాక్టీరియా కాపురం ఉంటుంది, పైపైన ఎంత కడిగినా పోదు. అందుకే నెల ముందే శుభ్రమైన మట్టి పోసిన కుండీలోకి మార్చి, నీళ్లు ఆకుల మీద పడకుండా కాడ మొదట్లోనే పోసి, కొత్తగా వచ్చిన చిగుళ్ల నుంచే కణుపులు తీసుకో. సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటరు ముక్క చాలు. అరగంట కుళాయి ధార కింద ఉంచి, సబ్బులా పనిచేసే ట్వీన్ 20 రెండు చుక్కలు కలిపిన నీటిలో కడిగి, 70 శాతం ఆల్కహాల్‌లో అర నిమిషం, ఆ తర్వాత 0.1 శాతం మెర్క్యురిక్ క్లోరైడ్‌లో ముంచు. ఎంతసేపన్నది ఆ కాడ లేతదనమే చెబుతుంది; రెండు, మూడు, నాలుగు, ఐదు నిమిషాలు విడివిడిగా చేసి చూసుకో. తర్వాత శుద్ధి చేసిన నీటితో కనీసం నాలుగుసార్లు కడిగి, తెల్లబడిన కొసలు కోసేయాలి. ఆ మందు విషం. వాడిన నీటిని సింకులో పారబోయకు, వేరే డబ్బాలో పట్టి చీటీ అంటించు.

ఎంత చేసినా కొన్ని సీసాలు బూజు పడతాయి. పారేయకముందు వెలుతురుకు ఎత్తి చూడు. ముక్క మొదట్లోనే పాలలాంటి తెర లేస్తే తప్పు మొక్కది. మూత అంచు దగ్గర దూదిపింజ మొదలైతే తప్పు నీ చేతిది. ముక్క పెట్టని ఖాళీ సీసా కూడా పాడైతే ఆటోక్లేవ్‌ను అడగాలి. అందుకే మీడియం పోసిన సీసాలను మూడు, నాలుగు రోజులు ఊరికే ఉంచి, శుభ్రంగా మిగిలినవే వాడు. ఏ సీసా ఎక్కడ చెడిందో నోటుబుక్కులో రాసి పెట్టుకో; నేను ఇరవై ఏళ్లకు పైగా ల్యాబ్‌లో నేర్చుకున్నది చాలావరకు చెడిన సీసాల దగ్గరే.

వడకట్టిన శుభ్రమైన గాలి వీచే లామినార్ బల్ల ముందు కూర్చునేటప్పుడు గాజులు తీసెయ్యి, ఫోను బయట పెట్టు. చేతులకు రాసుకున్న స్పిరిట్ పూర్తిగా ఆరాకే దీపం వెలిగించు. నా ఎడమ చేతి మీద మచ్చ ఏమిటని చిన్నప్పుడు అడిగేదానివి గుర్తుందా? ఆ తొందర ఫలితమే అది.

ఇక కాలం. వానాకాలంలో గాలి నిండా బూజు బీజాలే. ఎండాకాలంలో మొక్కను బయటకు తీయలేవు. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయంటారు, సీసాలో పెరిగిన లేత ఆకు ఏపాటిది? బతుకమ్మ పండుగ దాటాక ముక్కలు పెట్టు. మూడు, నాలుగు వారాలకొకసారి కొత్త మీడియంలోకి మారుస్తూ పోతే మాఘమాసానికి వేళ్లున్న మొక్కలు చేతికొస్తాయి. గదిలో 25 డిగ్రీలు, రోజుకు 16 గంటల వెలుతురు చాలు.

నేను ఈ లెక్క తెలియక ఒకసారి ఏప్రిల్‌లో అరవై మొక్కలు బయటకు తీశాను. ఉదయం పది గంటలకు వేపచెట్టు నీడలో ట్రేలు పెట్టి భోజనానికి వెళ్లాను. వచ్చేసరికి ఉడికించిన కూరలా ఉన్నాయి. సీసాలో గాలి ఎప్పుడూ తేమతో నిండి ఉంటుంది కాబట్టి ఆకు మీద మైనపు పొర పలచగానే ఉంటుంది, పత్రరంధ్రాలకు మూసుకోవడమే రాదు. బయటి పొడిగాలి తగలగానే ఉన్న నీరంతా పోతుంది. నీడ ఎండను ఆపుతుంది గానీ పొడిగాలిని ఆపదు.

కాబట్టి సాయంత్రం పూట తియ్యి. వేళ్లకు అంటిన అగార్ గోరువెచ్చటి నీటిలో పూర్తిగా వదిలించు. అందులో చక్కెర ఉంటుంది, మిగిలితే బూజుకు విందే. శుద్ధి చేసిన కొబ్బరి పొట్టు, ఇసుక కలిపి నాటి, పైన పారదర్శకమైన ప్లాస్టిక్ గ్లాసు బోర్లించు. నాలుగైదు రోజులకు గ్లాసుకు ఒక చిల్లు, రెండు రోజులకు మరొకటి. ఆత్రపడి గ్లాసు ఎత్తి చూడకు. మూడు వారాలు దాటాక కొత్త ఆకు వచ్చిన మొక్కలనే షేడ్‌నెట్ కిందికి మార్చు. రిపోర్టులో ఈ మొక్కల లెక్కే రాయి, సీసాల లెక్క కాదు.

తల్లి మొక్కను ఇక్కడే కుండీలో పెట్టాను, దసరాకు వచ్చినప్పుడు తీసుకుపో. నీళ్లు మొదట్లోనే పోయమని మీ అమ్మమ్మకు రోజూ చెబుతున్నాను. ఆమె మాత్రం ఆకులకు దుమ్ము పట్టిందంటూ పైనుంచి చెంబుతో గుమ్మరిస్తూనే ఉంది. ఎందుకైనా మంచిది, ఇంకో కుండీ మేడ మీద దాచాను.

నీ మామయ్య