గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చి అడిగే ప్రశ్న

ప్రతి డిసెంబరులోనూ బర్మింగ్‌హామ్ నుంచి బెంగళూరు వచ్చి కుందలహళ్లిలో మా చెల్లెలి ఇంట్లో మూడు వారాలు ఉంటాను. పద్దెనిమిదేళ్లుగా బర్మింగ్‌హామ్‌లో మందుల షాపులో పని చేస్తున్నాను కాబట్టి, జనవరిలో విదేశీ చదువులకు బయలుదేరే పిల్లలు తల్లిదండ్రులను వెంటబెట్టుకుని సందేహాలతో వస్తారు. కందిపొడి ఎంత తీసుకెళ్లవచ్చు, కుక్కరు అక్కడే కొనుక్కోవచ్చా, ఇవన్నీ హాల్లో కూర్చుని అడుగుతారు. ఒక్క ప్రశ్న మాత్రం చెప్పులు వేసుకుని గేటు దాకా వెళ్లి, అమ్మానాన్నలు ఆటో మాట్లాడుతుండగా వెనక్కి వచ్చి అడుగుతారు. "అంకుల్, వేప్ తీసుకెళ్లవచ్చా?" వేప్ అంటే ఈ-సిగరెట్టు, ద్రవాన్ని బ్యాటరీతో వేడిచేసి ఆ ఆవిరిని పీల్చే పరికరం.

ఈసారి అలా వెనక్కి వచ్చినవాళ్లు నలుగురు. ఒకరు అమ్మాయి. నలుగురికీ గేటు దగ్గర రెండు నిమిషాల్లో చెప్పలేకపోయినదంతా ఇక్కడ రాస్తున్నాను.

తీసుకెళ్లవద్దు. తిరిగి వచ్చేటప్పుడు తీసుకురావద్దు. కర్ణాటక 2016లోనే ఈ-సిగరెట్లను నిషేధించింది. దేశమంతటికీ 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు, డిసెంబరులో చట్టం వచ్చాయి. తయారీ, అమ్మకం, ప్రకటనలతో పాటు దిగుమతి, ఎగుమతి, రవాణా కూడా ఆ చట్టం కింద నేరాలే. మొదటిసారి అయితే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. "పీజీ హాస్టళ్లలో అందరి దగ్గరా ఉంటుంది అంకుల్, ఎవరూ ఏమీ అనరు" అన్నాడొక అబ్బాయి. మారతహళ్లి పీజీ గది వేరు, దేవనహళ్లి విమానాశ్రయంలో కస్టమ్స్ బల్ల వేరు. నాకు ఎక్కువ దిగులు మొదటి సెలవులకు ఇంటికి వచ్చేవాళ్ల గురించే. అక్కడ వీధి చివర దుకాణంలో దొరికే వస్తువు కావడంతో అది జాకెట్టు జేబులో ఉందన్న సంగతే వాళ్లకు గుర్తుండదు.

దారిలో సింగపూరులో దిగి రెండు రోజులు చూసి వెళదామనుకునేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. అక్కడ 2018 నుంచి కొనడం, వాడడం, దగ్గర ఉంచుకోవడం మూడూ నేరాలే. థాయిలాండులోకి తీసుకెళ్లడం 2014 నుంచి నిషేధం. ఆస్ట్రేలియాలో 2024 జులై నుంచి మందుల షాపుల్లో తప్ప మరెక్కడా అమ్మకూడదు. అమెరికాలో కొనాలంటే 21 ఏళ్లు నిండాలి.

చట్టం సంగతి ఇంతే. అసలు సంగతి వేరే ఉంది. అది మా మేనల్లుడి దగ్గర అర్థమైంది.

వాడికి ఇరవై రెండేళ్లు. ఎప్పుడూ సిగరెట్టు ముట్టలేదు. కాలేజీలో మూడో ఏడాది ఎవరో ఇస్తే వేప్ మొదలుపెట్టాడు. రోజుకు ఎన్ని దమ్ములు లాగుతావని అడిగితే, "ఇరవై మించవు మామయ్యా" అన్నాడు. అబద్ధం చెప్పాలని చెప్పలేదు, నిజంగానే అలా అనుకుంటున్నాడు. వాడి చేతికి ఒక కాగితం, పెన్సిలు ఇచ్చాను. మానవద్దు, తగ్గించవద్దు, దమ్ముకొక గీత పెట్టు చాలు అన్నాను. మేడ మీద కూర్చుని ఫోనులో క్రికెట్ మ్యాచ్ చూస్తూ, ఒక్క గంటలో నలభై ఒక్క గీతలు పెట్టాడు. ఆ కాగితాన్ని చాలాసేపు తిప్పి చూశాడు. ఆ రాత్రి మంచినీళ్లకు లేచి వాడి గదిలోకి తొంగిచూస్తే, దిండు పక్కన ఫోను లాగే అదీ చార్జింగులో ఉంది. ఆకుపచ్చ దీపం చుక్కలా వెలుగుతోంది. గదంతా మామిడిపండు వాసన.

సిగరెట్టు అయితే కిందికి దిగాలి, టీ బంకు దాకా నడవాలి, అగ్గి కావాలి, వాసన పోయేదాకా బయటే నిలబడాలి. పైగా అది కాలి, అయిపోతుంది. వేప్‌కు ఆ ఆటంకాలేవీ లేవు. లోపల ఒక తీగచుట్ట, దాన్ని తడిపే దూది, గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, నికోటిన్ కలిసిన ద్రవం, ఒక బ్యాటరీ, అంతే. దమ్ము లాగగానే తీగ వేడెక్కి ద్రవం ఆవిరవుతుంది. ఇక్కడ అయిపోయింది అని చెప్పేది ఏదీ లేదు. పాతరకం ద్రవాల్లో నికోటిన్ ఎక్కువైతే గొంతు మండేది, ఆ మంటే చాలించమని చెప్పేది. ఇప్పటి పాడ్లలో, అంటే ద్రవం నింపి వేప్‌కు తగిలించే చిన్న డబ్బీల్లో, బెంజోయిక్ ఆమ్లం కలిపిన నికోటిన్ లవణాలు వాడతారు. ఎంత ఘాటుగా ఉన్నా గొంతుకు తెలియదు.

బ్రిటన్ వెళ్లేవాళ్లు తెలుసుకోవలసిన లెక్క ఒకటుంది. అక్కడ ద్రవంలో మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు మించి నికోటిన్ ఉండకూడదు. ఇక్కడ చాటుగా దొరికే వాటి మీద చాలాసార్లు 5 శాతం అని ఉంటుంది. అంటే దాదాపు 50 మిల్లీగ్రాములు, అదీ ఆ అట్ట మీది మాట నిజమైతే. అంత ఘాటుకు అలవాటుపడిన ఒంటికి అక్కడ దిగగానే సగం కన్నా తక్కువ అందుతుంది. మొదటి వారం నిద్ర పట్టదు, చిరాకు, తలనొప్పి, పుస్తకం మీద మనసు నిలవదు. ఇల్లు గుర్తొస్తోందని, చలి పడలేదని అనుకుంటారు. అమ్మకు ఫోను చేసి ఏడ్చిన పిల్లలు నాకు తెలుసు. అందులో కొంత బెంగ, కొంత నికోటిన్. ఆ సంగతి తెలియక రెట్టింపు దమ్ములు లాగుతారు. ఒకసారి వాడి పారేసే రకం వేప్‌ల అమ్మకాన్ని 2025 జూన్ 1 నుంచి అక్కడ ఆపేశారు. చౌకగా దొరుకుతున్నాయని ఎవరైనా ఇస్తే అవి దొంగచాటు సరుకే.

అక్కడి డాక్టర్లే వేప్ ఇస్తున్నారట కదా అని అమ్మాయి అడిగింది. పూర్తిగా నిజం కాదు. డాక్టర్లు చీటీ రాసి ఇవ్వరు, సిగరెట్టు మానడానికి సాయం చేసే కేంద్రాల్లో కొన్నిచోట్ల, అదీ మానడానికే ఇస్తారు. ముప్పై ఏళ్లు రోజుకో పెట్టె కాల్చిన లారీ డ్రైవరు ఒకాయన మా షాపు ద్వారానే దీనికి మారి, ఆరు నెలల్లో దీన్నీ వదిలేశాడు. పొగాకు కాలడం ఆగితే తారు, కార్బన్ మోనాక్సైడ్ ఆగుతాయి కాబట్టి ఆయనకు అది మేలే చేసింది. ఎన్నడూ సిగరెట్టు ముట్టని ఇరవై ఏళ్ల పిల్లలకు ఆ లెక్క ఎలా వర్తిస్తుంది? ఆయనకు ఒక దెబ్బ తగ్గింది, మీకు కొత్తగా తగులుతోంది.

అమెరికా వెళ్లేవాళ్లకు గట్టిగా చెబుతున్నాను. ఎవరి చేతిలోనిదీ అందుకోకండి. అందులో గంజాయి సారం ఉండవచ్చు. కొన్ని రాష్ట్రాల్లో దానికి అనుమతి ఉన్నా కేంద్ర చట్టం ప్రకారం నేరమే, వాడానని ఒప్పుకున్నా వీసా మీద ఉన్నవాళ్లకు చిక్కే. 2019లో అక్కడ వేల మందిని ఆసుపత్రి పాలు చేసిన ఊపిరితిత్తుల జబ్బుకు, అలాంటి వాటిలో కలిపిన విటమిన్ ఇ అసిటేట్‌కు గట్టి సంబంధం కనిపించింది.

గది సంగతి కూడా. ఈ ఆవిరికి పొగ అలారాలు మోగుతాయి. ఒక హాస్టలులో తెల్లవారుజామున ఒక్క గది వల్ల అలారం మోగి, అందరూ దుప్పట్లు కప్పుకుని మంచులో నిలబడ్డ రోజు అక్కడి మన పిల్లలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

మానడం ఇక్కడ, ఇంటి అన్నం తింటూ ఉన్నప్పుడే మొదలుపెట్టండి. ముందు మూడు రోజులు గీతలు పెట్టండి. తర్వాత పడకగదిలో నుంచి దాన్ని బయటికి పంపండి. సిగరెట్టు పెట్టెల మీద ఉండే 1800-11-2356కు ఫోను చేస్తే మానడానికి ఉచితంగా సాయం చేస్తారు. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతుంది. బబుల్‌గమ్ లాగా అదేపనిగా నమలకూడదు. నోరు చురుక్కుమనేదాకా నమిలి, బుగ్గకు, చిగురుకు మధ్య పెట్టి ఉంచాలి. కాఫీ తాగాక పావుగంట ఆగాలి, లేకపోతే మందు ఒంటికి పట్టదు. ఫిల్టర్ కాఫీ గ్లాసు పక్కనే పెట్టుకుని గమ్ పనిచేయడం లేదని మా వాడు రెండు రోజులు నన్ను సాధించాడు.

వాడి ప్రయాణం జనవరి 9న. ఇప్పుడు లెక్క కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. అవి ఏమి గీతలని మా చెల్లెలు అడిగితే వాడే చెప్పాడు. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వంటింట్లోకి వెళ్లి, ఈసారి వాడికి కాఫీ బదులు మజ్జిగ తెచ్చింది.