ఫిస్టులా సన్నబడితే అల్ట్రాసౌండ్ చూస్తూ బెలూన్ వేయవచ్చా?

ప్రశ్న: ఎడమ ముంజేతిలోని ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపి కుట్టిన మార్గం) ద్వారా డయాలసిస్ చేయించుకుంటున్నాను. అందులో రక్తనాళం సన్నబడి ప్రవాహం తగ్గిందనీ, ఎక్స్‌రే అవసరం లేకుండా అల్ట్రాసౌండ్ చూస్తూనే బెలూన్‌తో వెడల్పు చేస్తామనీ డాక్టరుగారు అన్నారు. నాకు ఇంకా కొంత మూత్రం వస్తోంది. ఈ పద్ధతిని నమ్మవచ్చా?

జవాబు: సన్నబడిన భాగం చేతిలోనే ఉంటే నిస్సందేహంగా నమ్మవచ్చు. ధమని ఒత్తిడిని తట్టుకోవలసి వచ్చిన సిర లోపలిపొర క్రమంగా దళసరి అవుతుంది. ముంజేతి ఫిస్టులాల్లో ఇది ఎక్కువగా ధమనీ సిరా కలిపి కుట్టిన చోటికి దగ్గరలోనే జరుగుతుంది. ఆ భాగం చర్మానికి చాలా దగ్గరగా ఉంటుంది కనుక అల్ట్రాసౌండ్‌కు స్పష్టంగా అందుతుంది.

చర్మానికి మత్తు ఇచ్చి, సూది నాళంలోకి దిగడం మొదలు బెలూన్‌కు దారి చూపే సన్నని తీగ (గైడ్‌వైరు) ఇరుకు భాగాన్ని దాటడం వరకు ప్రతి అడుగూ తెరపై చూస్తూనే చేస్తారు. బెలూన్‌ను ఉబ్బించినప్పుడు, ఇరుకైన చోట దాని నడుము నొక్కుకుపోయినట్లు కనిపిస్తుంది. ఒత్తిడి పెంచగా ఆ నొక్కు విడిపోతే నాళం తెరుచుకున్నట్లే. ఆ కొద్ది సేపూ నొప్పి తెలుస్తుంది, కాబట్టి నాళం చుట్టూ కూడా మత్తుమందు ఇవ్వమని ముందుగానే అడగండి. వెంటనే డాప్లర్‌తో (రక్తప్రవాహ వేగాన్ని చూపే అల్ట్రాసౌండ్ పద్ధతి) నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తం ప్రవహిస్తోందో కొలిచి, ముందున్న కొలతతో పోల్చవచ్చు. ఎక్స్‌రే చిత్రం నాళం ఆకారాన్ని చూపుతుందే తప్ప ఈ లెక్క నేరుగా చెప్పదు.

మీ విషయంలో మరో లాభం ఉంది. ఎక్స్‌రే పద్ధతిలో నాళాలు చిత్రంలో కనిపించేందుకు సాధారణంగా వాడే అయోడిన్ కాంట్రాస్ట్ మందు మిగిలివున్న మూత్రపిండాల శక్తిని దెబ్బతీసే అవకాశం ఉంది. అల్ట్రాసౌండ్‌కు ఆ మందూ అక్కరలేదు, రేడియేషనూ ఉండదు.

అయితే ఎముకనూ గాలినీ దాటి అల్ట్రాసౌండ్ చూడలేదు. చేయంతా వాచినా, భుజం మీదా ఛాతీ మీదా సిరలు ఉబ్బి కనిపించినా అడ్డంకి కాలర్ ఎముక వెనుక, ఛాతీలోని పెద్ద సిరల్లో ఉండవచ్చు. అప్పుడు ఎక్స్‌రే గది తప్పదు. బెలూన్ వల్ల నాళం చిట్లడం, రక్తం గడ్డకట్టడం అరుదుగానైనా ఏ పద్ధతిలోనైనా జరగవచ్చు. చేసేవారి చేతి అనుభవం ఇక్కడ చాలా ముఖ్యం, ఆ మాట అడగడానికి మొహమాటపడకండి.

కేవలం స్కాన్‌లో సన్నగా కనబడిందన్న కారణంతో బెలూన్ వేయించుకోనక్కరలేదు. డయాలసిస్‌కు చాలినంత రక్తం అందకపోవడం, సూది తీశాక రక్తం ఆగడానికి మునుపటికంటే ఎక్కువ సేపు పట్టడం వంటి ఇబ్బంది తోడైతేనే చికిత్సకు అర్థముంది. వెడల్పు చేసిన నాళం కొన్ని నెలలకే తిరిగి సన్నబడి, మళ్లీ బెలూన్ అవసరం కావడం కూడా మామూలే. అందుకని రోజూ ఫిస్టులా మీద వేళ్లు పెట్టి ప్రకంపన చూసుకోండి. అది పూర్తిగా ఆగిపోతే తర్వాతి డయాలసిస్ రోజు దాకా వేచి ఉండక, ఆ పూటే ఆసుపత్రికి వెళ్లండి.