మందుల దుకాణం నుంచి టీకా దాకా

ప్రశ్న: తిరుపతిలో మందుల దుకాణం నడిపే ఫార్మసిస్టు జనాన్ని టీకాలవైపు ఎలా మళ్లించగలరు?

అమెరికా, బ్రిటన్‌లలో ఫార్మసిస్టులు కూడా టీకాలు వేస్తారు. మన దగ్గర ఆ పని ఆరోగ్య కేంద్రాలది, ఆసుపత్రులది. అయినా మీ బలం చిన్నది కాదు. డాక్టరును అడగడానికి మొహమాటపడే మాటలు జనం మిమ్మల్ని ధైర్యంగా అడుగుతారు.

ఐదు జబ్బుల నుంచి కాపాడే పెంటావాలెంట్ టీకా వేయించిన రాత్రి బిడ్డకు జ్వరం వచ్చిందని ఓ తల్లి పారాసిటమాల్ చుక్కల కోసం వస్తుంది. తర్వాతి డోసు మీద మనసు విరిగేది ఇక్కడే. సీసా చేతికిచ్చి పంపేయకండి. బిడ్డ బరువు అడిగి మోతాదు వివరించండి. ఈ జ్వరం సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుందని, తగ్గకపోతే డాక్టరుకు చూపించాలని చెప్పండి. 6, 10, 14 వారాలకు వేసే మూడు డోసులూ పూర్తికావాలి కాబట్టి టీకా కార్డు చూసి, తర్వాతి తేదీని మందు కవరు మీద పెద్ద అక్షరాలతో రాసివ్వండి. ఆ కవరు ఇంట్లో అందరి కంటా పడుతుంది.

నెలనెలా చక్కెర వ్యాధి మాత్రలకు వచ్చే పెద్దవారికి ఫ్లూ టీకా, న్యుమోనియాను అడ్డుకునే న్యుమోకోకల్ టీకాల గురించి డాక్టరును అడగమని గుర్తుచేయండి.

కుక్క కరిచిందని ఎవరైనా ఆయింట్‌మెంటు అడిగితే మాత్రం అమ్మకం పక్కన పెట్టండి. గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడగమనండి. రేబిస్ టీకా కోసం వెంటనే రుయా వంటి ప్రభుత్వ ఆసుపత్రికి పంపండి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతకడం దాదాపు అసాధ్యం.